పొమాన బల్ల మీదికి కంప్యూటర్

నెగోటిన్ పట్నం బస్సు ఎక్కిన దగ్గర ఆపాను కదా. నేనూ నా కోడలు స్టమెనా ఒకే సీట్లో కూర్చున్నాం. ఇద్దరం నల్లబట్టల్లో, ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళకి జరిగింది నాలుగు ముక్కల్లో చెప్తాను. నా కొడుకు పేరు ట్రాయిలో. పెళ్ళిళ్ళూ చావులూ వీడియో తీసేవాడు. ఆగస్టు వచ్చిందంటే వియన్నాలో పనిచేసే మావాళ్ళంతా పెళ్ళిళ్ళు చేసుకోవడానికి ఊళ్ళకి దిగుతారు. ఆ నెలంతా వాడికి నిద్ర ఉండదు. పగలు తీయడం, రాత్రి కంప్యూటర్ ముందు కూర్చుని తీసినదాన్ని కోసి, అతికించి, పాటలు కలపడం. మేరీమాత పండుగ మర్నాడు పొద్దున కాఫీ పట్టుకెళ్ళిన స్టమెనాకి వాడు బల్ల మీద తలపెట్టుకుని కనిపించాడు. నిద్రపోతున్నాడనుకుని కాఫీ మీద మూతపెట్టి వచ్చేసింది. ఆ కాఫీ చల్లారాక గాని మాకు తెలియలేదు. గుండె ఆగిపోయిందన్నారు.

వాడి పనిముట్టు వాడితోనే ఉండాలని, కంప్యూటర్ డబ్బాని నేనే శవపెట్టెలో వాడి కాళ్ళ దగ్గర పెట్టించాను. తాపీమేస్త్రి పోతే తాపీ పెట్టమూ? అలాగే. కానీ పదిహేను రోజులు తిరక్కుండానే వాడు కలలోకి వచ్చాడు. చీకట్లో కూర్చున్నాడు, మోకాళ్ళ మీద ఆ డబ్బా. "అమ్మా, ఇది వెలగడం లేదే" అన్నాడు. మళ్ళీ వచ్చాడు, మళ్ళీ అదే మాట.

మట్టిలో పెట్టింది మట్టికే పోవచ్చు. చేతికి ఇచ్చింది పోదు. సెర్బుల మధ్య బతికే మా వ్లాహు జనంలో అందుకే పొమాన పెడతాం. బల్ల మీద రొట్టె, ఉడికించిన గోధుమలు, వెలుగుతున్న కొవ్వొత్తి పెట్టి, చనిపోయినవాడి పేరు చెప్పి, ఒక వస్తువుని బతికున్నవాడి చేతిలో పెడతాం. ఇక్కడ ఇతను వాడుకున్నంత కాలం అక్కడ అతనికీ అది ఉంటుంది. మా ఆయన పోయినప్పుడు రేడియో ఇచ్చాను. తీసుకున్న మిలుటిన్ ఇప్పటికీ పొద్దున్నే దాన్ని పెట్టుకుని ఆవుల పాలు పిండుతాడు. మా ఆయన ఒక్కసారి కూడా కలలోకి రాలేదు. అంటే ఆయనకి లోటు లేదన్నమాట.

ట్రాయిలోకి నలభయ్యో రోజు పొమాన ఆ శనివారం. దూడని అమ్మేశాను. కొత్త కంప్యూటర్ కొనడానికి పట్నం బయల్దేరాం.

బస్సు వాగు వంతెన దాటాక స్టమెనా నోరు విప్పింది.

"తీసుకునేది ఎవరో అనుకున్నారా అత్తయ్యా?"

"ఇంకా లేదు. వాడి ఈడువాడు ఎవడో ఒకడు. డ్రాగిషా తప్ప ఎవడైనా."

డ్రాగిషాది మా పక్క ఊరు. వాడికీ కెమెరా ఉంది. ఒకప్పుడు వాడూ నా కొడుకూ కలిసే తిరిగారు, ఒకే వ్యాను, ఒకే సిగరెట్ పెట్టె. తర్వాత ఏమైందో నా కొడుకు చెప్పలేదు. నాలుగేళ్ళు మాటల్లేవు. అంత్యక్రియల రోజు ఎవరూ పిలవకుండానే వచ్చి, శ్మశానం కంచె బయట నిలబడి మొత్తం వీడియో తీశాడు. లోపలికి రాలేదు, కొవ్వొత్తి వెలిగించలేదు. పెళ్ళిళ్ళు తీసేవాడు పోతే వాడి చావు తీసేవాడు కావాలి కదా అన్నారు జనం. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

నేను వాడి పేరు ఎత్తగానే స్టమెనా కిటికీ వైపు తిరిగింది. దాని చేతిసంచి ఒళ్ళో ఉంది. దాన్ని రెండు చేతులా పట్టుకుంది, లోపల గుడ్లు ఉన్నట్టు.

* * *

స్రెచ్కో దుకాణం బస్టాండు వెనకాల. ఆస్ట్రియాలో ఆఫీసులవాళ్ళు తీసి పారేసిన కంప్యూటర్లు వ్యాను నిండా తెచ్చి, తుడిచి, అమ్ముతాడు. తలుపు తీస్తే పైన కట్టిన గంట మోగింది, మేకమెడలో గంట లాంటిది. లోపల చలికాలానికి పేర్చుకున్న కట్టెల్లాగా గోడ పొడుగునా నల్ల డబ్బాలు. స్రెచ్కో పొద్దుతిరుగుడు గింజలు నములుతూ తొక్కలు గ్లాసులోకి ఉమ్ముతున్నాడు.

"ఎవరికి మామ్మా?"

"నా కొడుక్కి."

"ఏం పనికి?"

"వీడియోలు కోస్తాడు. పెళ్ళిళ్ళవి."

"ఆయన్ని కూడా తీసుకురావాల్సింది. తనకి కావలసింది తనే చూసుకునేవాడు."

"రాలేడు. చచ్చిపోయాడు."

నములుతున్న గింజ ఆగింది. మా నల్లబట్టలు అప్పుడు చూశాడు. వాడు సెర్బువాడే గాని, మాలాంటి వాళ్ళతోనే వాడి వ్యాపారం.

"పొమానకా?"

"పొమానకే. శనివారం."

"దేవుడు ఆయన ఆత్మని క్షమించుగాక," అని గ్లాసు పక్కన పెట్టి లేచాడు. "సరే. ఏ కెమెరాతో తీసేవాడు? ఏ ప్రోగ్రాంలో కోసేవాడు? పాత మెషీను ఏది?"

నేను స్టమెనా వైపు చూశాను. అది నేల వైపు చూస్తోంది.

"అవేవీ నాకు తెలీదు నాయనా," అన్నాను. "వాడు తిట్టిన తిట్లు తెలుసు. ఆ గదిలో మూల కూర్చుని చిక్కుళ్ళు ఒలుచుకునేదాన్ని. వాడు ఆ డబ్బాని తిట్టినట్టు నన్ను ఒక్కసారీ తిట్టలేదు."

"ఏమని తిట్టేవాడు?"

"బొమ్మని పట్టుకుని ఇటునుంచి అటు లాగేవాడు. అది బిగుసుకుపోయేది. 'కదలవే, నీ అమ్మ కడుపు కాలా, కదలవే' అనేవాడు."

స్రెచ్కో నవ్వబోయి ఆపుకున్నాడు. "మెమరీ చాలలేదు. ఎనిమిది ఉండి ఉంటుంది. దానికి ముప్పైరెండు కావాలి. ఇంకా?"

"పెళ్ళంతా అయిపోయాక మొత్తం సినిమా ఒకటిగా చేసేటప్పుడు, దానికి అన్నం తినిపిస్తున్నట్టు ఎదురుగా కూర్చునేవాడు. 'ముసలి గాడిదా, తెల్లారేసరికైనా కక్కుతావా లేదా' అనేవాడు. తెల్లారేది. అది కక్కేది కాదు. లోపల పంకా విమానంలాగా మోగేది. చెయ్యి పెడితే కాలేది. మా పిల్లి చలికాలం దాని మీదే పడుకునేది."

"ప్రాసెసర్ పాతది, గ్రాఫిక్స్ కార్డ్ లేదు," అన్నాడు స్రెచ్కో, ఒక్కో తిట్టుకీ ఒక్కో వేలు మడుస్తూ. "పాపం. గాడిదతో అడవి దున్నించాడు."

వాడు రెండు డబ్బాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి చిన్నది, శుభ్రంగా, మిఠాయి పెట్టెలా ఉంది. రెండోది పెద్దది, ఒక మూల సొట్ట పడింది, పక్కన ఎవరో జర్మను అక్షరాల చీటీ అంటించి పీకిన మరక.

"చూడు మామ్మా. వీడియో పనికి చవగ్గా కొనాలంటే పై మెరుపులకి డబ్బు పెట్టకూడదు. కొత్తది అక్కర్లేదు, రంగు దీపాలు అక్కర్లేదు. ఈ సొట్టది ఒక ఇంజినీర్ల ఆఫీసులోది. ప్రాసెసర్ గట్టిది, మెమరీ ముప్పైరెండు, కార్డు విడిగా ఉంది, చప్పుడు చెయ్యదు. ఈ చిన్నది గుమాస్తాలు వాడుకునేది. ఉత్తరాలకి బాగుంటుంది. పెళ్ళిళ్ళకి ఆగిపోతుంది. కానీ నీ చేతిలో ఉన్నదానికి చిన్నదే వస్తుంది."

దూడ డబ్బుకి చిన్నదే వస్తుందని నాకు ముందే తెలుసు. ఆ దూడ బక్కది.

"స్క్రీను ఇంట్లో ఉంటే అదే వాడుకోండి, అక్కడ కాస్త మిగులుతుంది," అన్నాడు.

ఉంది. వాడు పోయిన రోజు అద్దాలన్నిటికీ దుప్పట్లు కప్పినప్పుడు దానికీ కప్పాను. నలభై రోజులూ తియ్యకూడదు.

"స్క్రీను కూడా కావాలి. కీబోర్డు, మౌసు, గోడకి పెట్టే తీగ, అన్నీ కావాలి. ఏది మర్చిపోతే అది వాడికి అక్కడ ఉండదు. మా వీధిలో కటరీనా మొగుడికి టీవీ ఇచ్చి రిమోట్ ఇవ్వడం మర్చిపోయింది. ఆయనకి బతికుండగానే మోకాళ్ళ నొప్పులు. ఏడాది పొడుగునా కలలోకి వచ్చి, లేవలేక చస్తున్నానే అని ఏడ్చాడు."

"చస్తున్నానే అన్నాడా?" అన్నాడు స్రెచ్కో.

"అలవాటు మాట."

"మరి అక్కడ కరెంటు?"

"గోతిలో లేదు. పొమానలో తీసుకున్నవాడి ఇంట్లో ఉంటుందిగా. అదే వీడికీ."

వాడు తల గోక్కున్నాడు. ఎగతాళి చెయ్యలేదు, అది మెచ్చుకోవాలి. బల్ల మీదకి వంగి, గొంతు తగ్గించి, తనకి మంచి అనిపించిన మాట చెప్పాడు.

"మామ్మా, ఒక మాట చెప్తాను, కోప్పడకు. ఇంతకుముందూ మీవాళ్ళు వచ్చారు. లోపల ఏమీ లేని డబ్బా నా దగ్గర ఉంది, పై పెంకు మాత్రం. ఊరికే ఇస్తాను. బల్ల మీద పెట్టి పేరు చెప్పి ఇచ్చెయ్. మూత విప్పి ఎవడు చూస్తాడు? ఆ మిగిలిన డబ్బుకి ఇంకాస్త కలుపుకుని ఈ సొట్టది ఇంట్లో ఉంచుకోండి. ఆయన సగంలో వదిలేసిన పని ఉంటుంది కదా. కోడలు చిన్నది, నేర్చుకుంటుంది. చచ్చినవాడికి ఖాళీ డబ్బా అయినా ఒకటే, నిండు డబ్బా అయినా ఒకటే."

నేను వాడి మొహాన ఉమ్మేదాన్నే. కానీ అప్పుడే స్టమెనా సంచి కింద పడింది. మెత్తగా పడలేదు, లోపల ఇనపముక్క ఏదో ఉన్నట్టు ఠంగుమంది. అది తియ్యడానికి వంగలేదు. గోడకి ఆనుకుని నిలబడిపోయింది. మొహంలో నెత్తురు లేదు.

ఆ ఠంగుమన్న చప్పుడూ, ఆ మొహమూ కలిపి చూశాక, ఇది ఏదో దాస్తోందని నాకు వేరే వాళ్ళు చెప్పక్కర్లేకపోయింది. అయినా అడిగాను.

"అందులో ఏముంది?"

"ఏం లేదు అత్తయ్యా."

"ఏం లేనిది మోగదు."

నేనే వంగాను. నా నడుం వంగదు, అయినా వంగాను. సంచిలో నా కొడుకు ఉన్ని మేజోడు ఉంది, నేను అల్లినదే. దాన్లో అరచేతి మందాన, బరువుగా, చల్లగా ఒక ఇనప పలక.

"ఇదేమిటి?"

స్రెచ్కో అందుకున్నాడు, పాపం వాడికేం తెలుసు. "హార్డ్ డిస్క్ మామ్మా. కంప్యూటర్లో తీసినవన్నీ ఉండేది అందులోనే. ఇది లేకపోతే డబ్బా వెలగదు."

ఇది లేకపోతే డబ్బా వెలగదు.

చీకట్లో కూర్చున్న నా కొడుకు, మోకాళ్ళ మీద డబ్బా, అమ్మా ఇది వెలగడం లేదే. దాని ముసలితనం వల్ల వెలగడం లేదనుకున్నాను నేను, పాతది కాబట్టి. మంచిది కొని పెడదామని దూడని అమ్మాను.

"వాడి కాళ్ళ దగ్గర నుంచి తీశావా?"

"పెట్టె మూయకముందు. మీరు గోధుమలు ఉడకబెడుతున్నారు. నేను ఒక్కదాన్నే ఉన్నాను గదిలో."

"దేంతో తీశావే?"

"వంటింటి కత్తితో. మరలు విప్పాను."

"చచ్చినవాడి దగ్గర దొంగతనం చేశావు. నీ మొగుడు. ఇంకా నుదురు చల్లబడకముందే."

"చల్లబడింది అత్తయ్యా," అంది. ఏడవడం లేదు. దానికి ఏడుపు రాదు, అది మొదటి నుంచీ అంతే. "నేను ముట్టుకునే చూశాను. చల్లబడే ఉంది."

"వాడు ఖాళీ డబ్బాతో చీకట్లో కూర్చున్నాడే! పొద్దున్నే లేచి నీకు కల చెప్తే ఊ కొట్టావు. రెండోసారి చెప్తే కాఫీ కలిపి ఇచ్చావు. బస్సులో పక్కనే కూర్చున్నావు ఇది ఒళ్ళో పెట్టుకుని!"

"చెప్దామనే వచ్చాను. నోరు రాలేదు."

"దొంగతనానికి చెయ్యి వచ్చిందిగా!"

స్రెచ్కో వెళ్ళి తలుపు మీద మూసివేసినట్టు బోర్డు తిప్పాడు. పట్నంవాళ్ళకి సిగ్గు ఎక్కువ. మాకు చావుల్లో అరవడం కొత్తకాదు.

స్టమెనా గోడ దగ్గరనుంచి కదిలింది. నాకెదురుగా వచ్చి నిలబడింది. పదకొండేళ్ళలో నా కళ్ళలోకి అంత సూటిగా చూడటం అదే మొదలు.

"అందులో ఆగస్టు పెళ్ళిళ్ళన్నీ ఉన్నాయి అత్తయ్యా. ఒక్కటీ పూర్తవలేదు. పావ్లే తాత తెలుసుగా? మనవరాలి పెళ్ళిలో గుంపు ముందు నిలబడి చేతిరుమాలు ఊపుతూ ఆడాడు. నెల తిరక్కుండా పోయాడు. ఆయన ఆఖరి ఆట ఇందులో తప్ప ఇంకెక్కడా లేదు. ఆయన కూతురు వియన్నా నుంచి ప్రతి ఆదివారం ఫోను చేసి ఏడుస్తుంది. మీరు ఫోను ఎత్తరు. నేను ఎత్తుతాను. 'మీ నాన్న ఆట మా అత్తగారు భూమిలో పాతేశారండీ' అని చెప్పమంటారా?"

పావ్లే నా పెళ్ళిలోనూ ఆడాడు.

"వాడి పని వాడే చేస్తాడు," అన్నాను. "ఈ పలకని కొత్త డబ్బాలో పెట్టించి శనివారం ఇచ్చేస్తాను. వాడిది వాడికి చేరుతుంది."

"మీ అబ్బాయికి కాదు, తీసుకున్నవాడికి చేరుతుంది. వాడు వీటన్నిటినీ చెరిపేసి ఆటలు ఆడుకుంటాడు. నాకివ్వండి అత్తయ్యా. కూర్చుని చూసింది మీరొక్కరే కాదు. నేను మీ వెనక నిలబడి చూశాను. ఎక్కడ కొయ్యాలో, ఎక్కడ అతకాలో నాకు వచ్చు. నేను పూర్తి చేస్తాను. ఇంట్లో ఉంటాను, ఎక్కడికీ పోను."

"ఆడదానికి ఇస్తే మగవాడికి చేరదు. ఇంటిమనిషికి ఇస్తే అసలే చేరదు. ఈ చేత్తో తీసి ఆ చేత్తో పెట్టుకోవడమే అవుతుంది. ఆ సంగతి నీకు తెలుసు. మీ అమ్మకీ తెలుసు, మీ అమ్మమ్మకీ తెలుసు."

"తెలుసు. అయితే నేనూ అడుగుతాను. చీకట్లో మీ అబ్బాయొక్కడే కూర్చున్నాడా? మనిద్దరం ఎక్కడ కూర్చున్నాం?"

అప్పుడు కొట్టేదాన్నే. చెయ్యి లేచింది కూడా. ఆ చేతిలో ఇనప పలక ఉంది.

"మామ్మా, మామ్మా," అని స్రెచ్కో మధ్యలోకి వచ్చి దాన్ని మెల్లిగా నా చేతిలోంచి తీసుకున్నాడు. "ఇప్పుడే కింద పడింది. అసలు బతికుందో లేదో చూద్దాం. చచ్చి ఉంటే మీకు పోట్లాడుకోవడానికి ఏమీ ఉండదు."

* * *

చేతికి దగ్గరగా ఉందని చిన్న డబ్బాకే తగిలించాడు. పలక చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు, డాక్టరు బిడ్డ గుండె విన్నట్టు. "తిరుగుతోంది," అన్నాడు.

తెర మీద పసుపు రంగు చదరాలు వరసలుగా వచ్చాయి. కింద అక్షరాలు. నాకు అప్పటికి అక్షరాలు రావు. స్టమెనా వేలు పెట్టి ఒక్కొక్కటే చదివింది. పావ్లే మనవరాలు. మిల్లువాళ్ళ పెళ్ళి. ఎర్ర మేడ వాళ్ళ పెళ్ళి. చదువుతున్నప్పుడు దాని గొంతు మారిపోయింది. అంత మెత్తటి గొంతు దానికి ఉందని నాకు తెలియదు.

చివరి చదరం కింద పేరు లేదు, తారీకు మాత్రం ఉంది. ఆ తారీకు మా ముగ్గురిలో ఇద్దరికి తెలుసు, వాడు పోయిన రాత్రిది. అంకెలు మాత్రం నాకు వచ్చు.

"అది పెట్టు," అన్నాను.

"అత్తయ్యా, అది వద్దు. ఏదో దీపం సరిచూసుకోవడానికి తీసినది అయ్యుంటుంది. అలా తీసేవాడు."

"పెట్టు నాయనా."

నా కొడుకు వచ్చాడు.

అదే గది. అదే బల్ల. గళ్ళ చొక్కా, ఎడమ చెవి వెనక సిగరెట్టు. కళ్ళ కింద నల్లగా, రెండు రేగుపళ్ళు నలిపి పూసినట్టు. స్రెచ్కో తన కుర్చీ నా వెనక్కి తోశాడు.

"ఒకటి, రెండు, మూడు," అన్నాడు ట్రాయిలో. "మాట వినిపిస్తోందా? వినిపిస్తోంది." ఆవులించాడు. దవడ పడిపోతుందేమో అన్నంత పెద్ద ఆవులింత. తర్వాత తనలో తనే నవ్వుకున్నాడు. "స్టమెనా, ఇది నువ్వు చూసేసరికి నేను ఈ బల్ల మీదే చచ్చి ఉంటాను. నవ్వకు. అమ్మ గురించే నా భయమంతా. ఈ ముసలి గాడిదని తీసుకొచ్చి నా పక్కనే పడుకోబెడుతుంది. చూస్తూ ఉండు, పెడుతుంది. అమ్మా, వద్దే. నీకు దణ్ణం పెడతా. అక్కడ కూడా పెళ్ళిళ్ళు కొయ్యమంటావా? నాకు మంచం పంపించు. ఈకల పరుపు, మందపాటి దుప్పటి, రెండు దిళ్ళు. ఒకటి తల కింద, ఒకటి చెవి మీద. ఎవడూ లేపకూడదు. పొమాన బల్ల మీద మంచం పెట్టు అమ్మా. నీ కొడుకు నిద్రపోతాడు."

నేను వాడి కాళ్ళ దగ్గర పెట్టిందేమిటో, నేను వాణ్ణి ఎక్కడ కూర్చోబెట్టానో నాకు అప్పుడు తెలిసింది. పరుపు నా పెళ్ళిది ఇంట్లోనే ఉంది. అటక మీద. ఊరికే.

తెరలో నా కొడుకు సిగరెట్టు చెవి వెనక నుంచి తీసి, వెలిగించకుండా వేళ్ళ మధ్య తిప్పాడు. నవ్వు తగ్గింది.

"కంప్యూటర్ మాత్రం కొనండి," అన్నాడు. "మంచిది కొనండి. చవకదే అయినా గట్టిది. కొని దాన్ని..."

ఆగిపోయాడు. నోరు సగం తెరిచి, కనురెప్పలు సగం వాలి. ఆ పొద్దున్న బల్ల మీద కనిపించిన మొహం లాగే.

"కదలవే," అన్నాను నాకు తెలియకుండానే.

స్రెచ్కో ఏదో నొక్కాడు. మొహం చదరాలుగా చెదిరి మళ్ళీ కూడింది. పెదవి ఒక్కసారి అదిరి మళ్ళీ నిలబడింది. "దీనివల్ల కాదు మామ్మా. ఆయన కెమెరా పెద్దది, బొమ్మ బరువు. ఈ గుమాస్తా దాన్ని మోయలేదు. సొట్టదానికి తగిలిస్తే నీళ్ళలా పోతుంది."

"తగిలించు."

"వద్దు," అంది స్టమెనా.

నేను తిరిగి చూశాను.

"చాలు అత్తయ్యా. పరుపు సంగతి విన్నాంగా. పరుపు ఇద్దాం, శనివారం ఇద్దాం, అంతకన్నా మంచి పొమాన ఉండదు. మిగతాది నిద్రలేనివాడి మాటలు. వాటికి అర్థం ఉండదు." మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "బస్సు టైమైంది. పదండి."

ఇందాక దొంగతనం బయటపడినప్పుడు దాని కళ్ళు నా కళ్ళలోకి చూశాయి. ఇప్పుడు చూడటం లేదు. ఇనప పలక కోసం అంత పోట్లాడినది, పలకలో ఉన్న మాట వినడానికి భయపడుతోంది. అంతవరకూ ఈ పిల్ల నా కొడుకు దగ్గర నుంచి ఒక్క వస్తువే తీసిందనుకున్నాను.

"తగిలించు నాయనా," అన్నాను.

సొట్టది నిజంగానే చప్పుడు చెయ్యలేదు. పిల్లి పడుకుంటే చలికి చస్తుంది దాని మీద. స్రెచ్కో ఆగినచోటికి తీసుకెళ్ళి వదిలాడు. నా కొడుకు సగం తెరిచిన నోరు పూర్తిగా తెరిచాడు.

"...కొని దాన్ని డ్రాగిషాకి ఇవ్వండి. పేరు నాదే చెప్పండి. ఇంకెవరికీ ఇవ్వొద్దు. ఎందుకురా వాడికి అని అమ్మ అడుగుతుంది." సిగరెట్టు వేళ్ళలో విరిగింది. "వాడికి తెలుసు ఎందుకో. స్టమెనాకీ తెలుసు."

చెయ్యి చాచి కెమెరా ఆపేశాడు. తెర నల్లబడింది.

నలభై రోజులుగా అద్దం చూడలేదు నేను. ఆ నల్లటి తెరలో నా మొహం నాకు కనిపించింది, రుమాలు కట్టుకున్న ముసలిదాని మొహం. దాని పక్కన స్రెచ్కో మొహం. మూడో మొహం కోసం వెతికాను.

నా వెనక తలుపు మీద మేకగంట మోగింది. నేను తిరిగేసరికి తలుపు ఇంకా ఊగుతోంది. స్టమెనా సంచి బల్ల మీదే ఉంది, నా కొడుకు మేజోడు ఉంది, అంత ప్రాణంగా దాచుకున్న ఇనప పలక కూడా తీగలతో వేలాడుతూ అక్కడే ఉంది. అన్నీ వదిలేసి పోయింది. కిటికీలోంచి చూస్తే అది పరిగెడుతోంది, బస్టాండు వైపు కాదు. మార్కెట్టు పక్క సందులో ఒక తెల్ల వ్యాను ఆగి ఉంది. ఆ వ్యానుని నేనెరుగుదును. ఒకప్పుడు నా కొడుకు డ్రాగిషాతో అందులోనే తిరిగేవాడు.